పదిహేడు నంబరు పానా

దసరాకు ముందటి ఆదివారం. సరూర్‌నగర్ చెరువుకు దిగువన, దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు నుంచి నడిచిపోయేంత దూరంలో మా తమ్ముడి ఇల్లు. ఇంటి పక్కనే షట్టర్ వేసిన గది ఒకటుంది. కారు పెట్టుకోవడానికి కట్టించాడు. కారు మాత్రం బయట వేపచెట్టు కిందే ఉంటుంది, గది నిండా పనిముట్లే. ఆర్టీసీలో ముప్పై ఏళ్ళకు పైగా మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. ఆయుధపూజ ముందు ఏటా వాటన్నిటినీ బయటికి తీసి, తుడిచి, నూనె రాసి, లెక్క చూసుకుంటాడు.

మా అమ్మాయి ఎల్బీనగర్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉంటోంది. నా పాత స్ప్లెండర్ ఇప్పుడు దాని దగ్గరే ఉంది. ఆ ఉదయం ఇంజన్ ఆయిల్ తనే మార్చబోయి, కింది బోల్టు తల గుండ్రంగా అరగదీసింది. బోల్టు ఊడలేదు కాబట్టి ఆయిల్ పోలేదు. అదే బండి మీద నన్ను వెనక కూర్చోబెట్టుకుని బాబాయి దగ్గరికి తెచ్చింది. బోల్టు ఊడదీయడం పావుగంటలో అయింది. మాటలు మాత్రం మధ్యాహ్నం భోజనాల దాకా సాగాయి. ఇద్దరూ నా వాళ్ళే, ఇద్దరూ మనసులో ఉన్నదే మాట్లాడారు. గుర్తున్నంతవరకు ఇక్కడ రాస్తున్నాను.

తమ్ముడు: ఆరు మూలలూ పోయాయి. ఏ పానా పెట్టావమ్మా?

అమ్మాయి: స్క్రూ పానా బాబాయ్. ఆన్‌లైన్‌లో 46 ముక్కల సెట్ కొన్నాను. అందులో సాకెట్లు 14తో ఆగిపోయాయి. ఈ బోల్టు 17. వీధి చివర దుకాణంలో స్క్రూ పానా ఒకటి తెచ్చి బిగించి తిప్పాను. జారింది. మళ్ళీ బిగించాను, మళ్ళీ జారింది. మూడోసారికి ఇలా అయింది.

తమ్ముడు: ఆ పానా ఇలా ఇవ్వు. చూశావా, కింది నోరు వేలితో కదిపినా ఊగుతోంది. బిగించినప్పుడు సరిగ్గా పట్టినట్టే ఉంటుంది. బలం పడగానే నోరు తెరుచుకుంటుంది. అప్పుడు ఆ బలమంతా బోల్టు మూలల మీదికి పోతుంది. మూలలు అరిగాక పట్టుకోవడానికి ఇంకేం మిగలదు. తప్పు నీది కాదు, పానాది.

అమ్మాయి: నువ్వలా అంటావని తెలుసు. నాకు మాత్రం ఆ మాట మింగుడుపడదు. ఆడలేక మద్దెల ఓడు అన్నారు కదా. మా వీధి మొదట్లో ఒక మెకానిక్ ఉన్నాడు. అతని పానాల నోళ్ళు అరిగిపోయి ఉంటాయి, కాడలు వంగి ఉంటాయి. వాటితోనే రోజంతా బండ్లు విప్పుతాడు, బిగిస్తాడు. ఒక్క బోల్టు పాడుచేయగా నేను చూడలేదు. పనితనం చేతిలో ఉంటుంది గానీ పానాలో ఉంటుందా?

తమ్ముడు: చేతిలోనే ఉంటుంది. అందుకే నీకు మంచి పానా కావాలంటున్నాను. అతనిది ఇరవై ఏళ్ళు పని చేసిన చెయ్యి. బోల్టు వదులుతోందా, మెలితిరుగుతోందా, తెగబోతోందా అన్నది అతని మణికట్టుకు ముందే తెలిసిపోతుంది. తెలియగానే ఆగుతాడు. తల మీద చిన్న దెబ్బ వేస్తాడు, చుక్క నూనె పోస్తాడు, కాసేపు వేరే పని చూసుకుని మళ్ళీ వస్తాడు. అరిగిన పానా లోటును అతని చెయ్యి పూడ్చుకుంటుంది. నీ చేతికి ఆ కబురు ఇంకా అందదు. పని వచ్చినవాడు దేంతోనైనా నెట్టుకొస్తాడమ్మా. సరైన పానా నేర్చుకునేవాడికే ఎక్కువ అవసరం. మనవాళ్ళు దీన్ని తిరగేసి చెబుతారు, ముందు నాసిదాంతో నేర్చుకో, తర్వాత మంచిది కొనుక్కుందువు గానీ అని. అలా మొదలుపెట్టి, తమకు పని రాదనుకుని మానేసినవాళ్ళు ఎంతమందో!

అమ్మాయి: అంటే నేర్చుకోకముందే వేలకు వేలు పొయ్యాలా? ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది. రెండు నెలలకు ఈ ఉత్సాహం తీరిపోతే ఆ పానాలన్నీ ఏం చేసుకోను? ఆ సెట్‌కు నేను పెట్టింది హోటల్లో ఒక పూట భోజనం ఖర్చు. పోతే పోయింది, నేర్చుకున్నందుకు ఫీజు అనుకుంటాను.

తమ్ముడు: ఆ ఫీజు సెట్‌తోనే ఆగితే నేనూ సరేననేవాణ్ణి. ఈ బోల్టు దేనిలో బిగించి ఉందో చూడు. బోల్టు ఉక్కు, ఇంజన్ అడుగు అల్యూమినియం. జారుతున్న పానాతో పెనుగులాడితే ఉక్కు మరలు అల్యూమినియం మరలను కోసేస్తాయి. అప్పుడు బోల్టు మార్చితే సరిపోదు, ఇంజన్ కేసు బాగుచేయించాలి. పానా అసలు ధర బిల్లు మీద ఉండదమ్మా. అది జారితే ఏం పోతుందో అదే దాని ధర. ఒక్కోసారి పోయేది బోల్టు. ఒక్కోసారి నీ వేళ్ళ కణుపుల తోలు.

అంటూనే లేచాడు. బోర్డు మీంచి 17 సాకెట్ తీశాడు, లోపల ఆరు మూలలున్నది. అరిగిన తల మీద పెట్టి సుత్తితో రెండు దెబ్బలు వేసి కూర్చోబెట్టాడు. పొడుగాటి కాడ తగిలించి, రెండో చేత్తో సాకెట్‌ను నొక్కిపట్టి, కుదుపు లేకుండా లాగాడు. టక్కుమని వదిలింది. నల్లటి ఆయిల్ పళ్ళెంలోకి దిగసాగింది. కొత్త బోల్టు, వాషర్ తెమ్మని నన్ను మెయిన్ రోడ్డుకు పంపాడు. నేను తిరిగొచ్చేసరికి మాటలు ఇంకో మలుపు తిరిగి ఉన్నాయి.

అమ్మాయి: ఏం కొనాలో చెప్పు మరి. నువ్వు రాణిగంజ్ వెళ్ళమంటావు. అక్కడి పనిముట్ల దుకాణాలు చూస్తే బెదురు పుడుతుంది. అడిగితే ఎనిమిది పానాల సెట్ చేతిలో పెడతారు.

తమ్ముడు: సెట్ కొనకు. నీ బండి ఏం అడుగుతుందో అది కొను. దుకాణంలో ఇచ్చే డబుల్ ఎండ్ సెట్‌లో 6–7, 8–9, 10–11, 12–13, 14–15, 16–17, 18–19, 20–22 ఉంటాయి. మన హోండా జాతి బండ్లు జపాన్ పద్ధతిలో పుట్టినవి. వాటికి 8, 10, 12, 14, 17 చాలు. చక్రం ఇరుసు నట్టు కొలత చూసుకుని ఇంకొకటి. యూరప్ పద్ధతి బండ్లకు 12, 14 బదులు 13 ఎక్కువ. ఆ సెట్‌లో సగం నోళ్ళు నువ్వు ఎప్పటికీ వాడవు. ఆ డబ్బుతో ఐదే కొను, మంచివి కొను. ఒకవైపు రింగు, ఒకవైపు నోరు ఉన్నవి తీసుకో. రింగు బోల్టు తలను చుట్టూ పడుతుంది, కాబట్టి మొదట వదిలించడానికి, చివర బిగించడానికి రింగే. నోరు రెండు ముఖాలనే పడుతుంది. వదులైన నట్టును చకచకా తిప్పడానికి అది చాలు. సాకెట్ కొంటే లోపల ఆరు మూలలది అడుగు. పన్నెండు మూలలది ఇరుకులో వీలుగానే ఉంటుంది గానీ అరిగిన తల మీద జారుతుంది.

అమ్మాయి: స్క్రూ పానాను పూర్తిగా కొట్టిపారేస్తావా? వందేళ్ళకు పైగా లోకమంతా వాడుతున్న పనిముట్టు కదా.

తమ్ముడు: కొట్టిపారేయను. స్వీడన్‌లో యోహాన్సన్ అనే ఆయన దానికి 1892లో పేటెంట్ తీసుకున్నాడు. బాకో పేరుతో లోకమంతా పాకింది. దాని పని దానికుంది. నల్లా పైపుల నట్లు, కొలత తెలియని పాత నట్లు, రెండో చేత్తో నట్టును కదలకుండా పట్టుకోవడం. కానీ దానికొక పద్ధతి ఉంది. కదలని నోరు మీద బలం పడేలా పెట్టాలి, తోయకుండా నీ వైపు లాగాలి. తోస్తే, జారినప్పుడు చెయ్యి వెళ్ళి ఇనుముకు కొట్టుకుంటుంది. అదీ గాక, నాసిది కొనకూడని పనిముట్టు ఏదైనా ఉందంటే అదే. కదిలే భాగం ఉన్న ప్రతిదాంట్లోనూ నాణ్యత ముందు అక్కడే బయటపడుతుంది.

అమ్మాయి: స్క్రూ డ్రైవర్ విషయంలో కూడా ఇంత పట్టింపు ఉండాలా? నాలుగు గీతలది ఏదైనా ఒకటే కదా.

తమ్ముడు: కాదు. ఈ పక్క కవర్ స్క్రూ తల మీద చూడు, గీతల పక్కన చిన్న చుక్క. అది జపాన్ కొలత స్క్రూకు గుర్తు. మనం మామూలుగా కొనేది ఫిలిప్స్, అమెరికాలో 1930ల్లో వచ్చింది. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి గానీ, జపాన్ స్క్రూలో ఫిలిప్స్ అడుగుదాకా దిగదు. పైపైన తిరిగి గీతలను కొరికేస్తుంది. కార్బురేటర్ స్క్రూలు అలా పాడైన బండ్లు ఎన్ని చూశానో. కొనేటప్పుడు జపాన్ కొలత మొన అడుగు. దొరక్కపోతే, స్క్రూలో పెట్టి వదిలినా నిలబడేంత బిగువుగా పట్టేది ఎంచుకో.

అమ్మాయి: అదే నా బాధ. ఇన్ని తెలిసినవాడు ఏదైనా ఎంచుకోగలడు. తెలియనివాళ్ళకు అన్నిటి మీదా క్రోమ్ వెనేడియం అనే రాసి ఉంటుంది, అన్నీ మెరుస్తుంటాయి. చివరికి పేరు చూసి కొనడమే మిగులుతుంది. పేరున్నవి, విదేశాలవి ఖరీదు. అంటే నాణ్యత డబ్బున్నవాళ్ళ వ్యవహారమైపోతుంది.

తమ్ముడు: మెరుపు చూడకు, కొలత చూడు. కొత్త బోల్టు ఒకటి జేబులో వేసుకుని దుకాణానికి వెళ్ళు. పానాను దాని మీద పెట్టి ఊపు. ఊగిందా, వద్దు. నోరు రెండు ముఖాలూ సమానంగా ఉన్నాయా? రింగు గోడ చుట్టూ ఒకే మందంలో ఉందా? పూత అంచుల్లో పొక్కిందా? కటింగ్ ప్లేయర్ అయితే మూసి వెలుతురుకు ఎత్తు. కోసే అంచుల మధ్య వెలుతురు కనిపించకూడదు. దాని మీద ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 3650 అన్న అంకె చూడు, మన దేశంలో ఆ ప్లేయర్‌కు పెట్టిన ప్రమాణం అది. ఇంకొకటి బాగా గుర్తుపెట్టుకో. పిడి మీద రబ్బరు తొడుగు ఉన్నంత మాత్రాన కరెంటు పనికి పనికిరాదు. 1000 వోల్టుల గుర్తు ఉంటేనే అది రక్షణ, లేకపోతే చేతికి మెత్తగా ఉండటానికి మాత్రమే. ఎలాగూ ముందు మెయిన్ ఆపాలి. ఇక విదేశాలంటావా, నాసిక్‌లో తయారయ్యే తపారియా పానాలతో ఈ దేశంలో ఎన్ని గ్యారేజీలు నడుస్తున్నాయో చూడు. పేరున్న ప్రతిదానికీ నకిలీ ఉంటుంది కాబట్టి బిల్లు ఇచ్చే దుకాణంలో కొను, అంతే.

అమ్మాయి: ఐనా మంచి ఉక్కు అనగానే జర్మనీ, జపాన్ అంటాం.

తమ్ముడు: అలా అనుకోవడం మన మతిమరుపు. నిజామాబాద్ వైపు కోనసముద్రం అని ఊరుంది. అక్కడ మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం పారశీక వర్తకులు అంత దూరం నుంచి వచ్చేవారు. 1820ల్లో వోయిసీ అనే ఇంగ్లీషు భూగర్భ శాస్త్రజ్ఞుడు అక్కడి కొలుములు చూసి రాసిపెట్టాడు. తెల్లవాళ్ళు వూట్జ్ అని పిలిచింది ఆ ఉక్కునే. ఇదంతా గొప్పలకు చెప్పడం లేదు. ఉక్కులో మంచీ చెడ్డా దేశం బట్టి రాదు, కాల్చడం, చల్లార్చడం తెలిసిన చేతిని బట్టి వస్తుంది. మరీ గట్టిగా చల్లారిస్తే గాజులా విరుగుతుంది. మెత్తగా వదిలేస్తే వంగుతుంది. ఈ రెండింటి మధ్య నిలబెట్టడమే విద్య. ఆ విద్యను మనం ఇంట్లో చెడగొట్టుకుంటాం కూడా. ఉలిని గ్రైండర్ మీద పెట్టి అంచు నీలంగా మారేదాకా ఒత్తామనుకో, కొలిమిలో పెట్టిన గట్టిదనం అక్కడ పోయినట్టే. మాటిమాటికీ నీళ్ళలో ముంచుతూ మెల్లగా పట్టాలి. సానరాయి మీద చేత్తో పడితే ఆ భయమే లేదు. డబ్బు లేనివాళ్ళ సంగతి అడిగావు. ఎర్రగడ్డ ఆదివారం సంత, జుమ్మెరాత్ బజార్ ఉన్నాయి. పాత పానా కొంటే ఏముంది? నోరు తెరుచుకోలేదు, పగులు లేదు అని చూసుకో. ఆ మూల డ్రిల్ మిషన్ చక్ చూడు, ప్రాగాది. 1943లో సికింద్రాబాద్‌లో పెట్టిన కంపెనీ. పాత సామాన్లలో దొరికింది. ఈ రోజుకీ డ్రిల్ బిట్‌ను వణుకు లేకుండా పడుతుంది.

అమ్మాయి: సరే, ఎంచుకోవడం గురించి ఒప్పుకుంటాను. ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఇంత మంచివి కొన్నావు, ఏడాదికోసారి బొట్టు పెడతావు, నిమ్మకాయ కోస్తావు. 2020లో ఏమైంది? నాణ్యత కాపాడిందా?

కాసేపు మాట్లాడలేదు. చేతిలో ఉన్న రింగు పానాను తుడుస్తూనే ఉన్నాడు.

తమ్ముడు: కాపాడలేదు. అక్టోబరు 13 రాత్రి ఆ వాన మొదలైంది. చెరువు నీళ్ళు కాలనీల్లోకి వచ్చాయి. ఈ గదిలో నడుము లోతు. మూడు రోజులకు దిగాయి. నేనూ మీ పిన్నీ ముందు ఇల్లు కడుక్కున్నాం. సాయంత్రం ఇక్కడికొచ్చి, బల్ల మీద విడిగా ఉన్నవన్నీ మంచినీళ్ళతో కడిగి, గుడ్డతో తుడిచి, ఆరబెట్టి, కుట్టు మిషన్ నూనె రాశాం. జర్మనీ సాకెట్ సెట్ మూత బిగించిన పెట్టెలో ఉంది. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో ఇష్టపడి కొనుక్కున్నది. మంచి పెట్టె, మంచి ఉక్కు, దానికేం కాదు అనుకున్నాను. నెల తర్వాత తెరిచాను. లోపల బురదనీళ్ళు అలాగే ఉన్నాయి. సాకెట్ల లోపల తుప్పు గుంటలు పడ్డాయి. తిప్పే కాడ పళ్ళలో బురద గట్టిపడింది. అదే రోజు తుడిచిన మా నాన్న సుత్తి, ఐటీఐ రోజుల ఆకురాయి మాత్రం ఇదిగో, ఇప్పటికీ పనిచేస్తున్నాయి. వాటి ధర ఆ సెట్‌లో పదో వంతు కూడా ఉండదు.

అమ్మాయి: అంటే నేననేదే కదా? చవకదైనా చూసుకుంటే నిలుస్తుంది.

తమ్ముడు: సగం నువ్వనేదే. చూసుకోకపోతే ఎంత మంచిదైనా నిలవదు, ఒప్పుకున్నాను. కానీ చవక స్క్రూ పానాను ఎంత తుడిచినా దాని నోరు బిగుసుకోదు. నాణ్యత కొనుక్కోవాలి, ఆ తర్వాత రోజూ కాపాడుకోవాలి. మొదటిది డబ్బుతో అయ్యే పని. రెండోదానికి ఒక గుడ్డముక్క చాలు. నేను ఆ నెలలో డబ్బు పెట్టిన గర్వంతో గుడ్డముక్కను మరిచిపోయాను.

అమ్మాయి: మరి ఆ తుప్పు ఎలా వదిలించావు?

తమ్ముడు: పూత లేని వాటిని చింతపండు పులుసులో నానబెట్టాను. ఇత్తడి బిందెలు తోమే విద్యే, అందులోని పులుపు తుప్పును కరిగిస్తుంది. వెనిగర్ కూడా పనికొస్తుంది. కొన్ని గంటలు చాలు. రోజుల తరబడి వదిలేస్తే గట్టి ఉక్కు పెళుసెక్కుతుంది. తీసి, ఇత్తడి బ్రష్‌తో రుద్ది, వంట సోడా నీళ్ళలో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, వెంటనే నూనె రాయాలి. ఆలస్యమైతే గంటలోనే ఎర్రగా తిరగబెడుతుంది. పైపూత ఉన్నవాటిని పులుపులో వేయకు, కిరోసిన్‌తో తుడువు.

అమ్మాయి: ఏ నూనె? మా ఫ్లాట్లో ఎవరిని అడిగినా డబ్ల్యూడీ 40 కొట్టు అంటారు.

తమ్ముడు: అది 1953లో అమెరికాలో తయారైంది, నీటిని తరమడానికి. దాని పేరుకు అర్థమే అది, నలభయ్యో ప్రయత్నంలో కుదిరిందట. తడిసినదాన్ని ఆరబెట్టడానికి, బిగుసుకున్నదాన్ని వదిలించడానికి మంచిది. కానీ పలచన, తొందరగా ఎగిరిపోతుంది. నిలవకు కుట్టు మిషన్ నూనె గానీ కొత్త ఇంజన్ ఆయిల్ గానీ గుడ్డకు రెండు చుక్కలు వేసి పలచగా రాయి. వాడేసిన ఆయిల్ వద్దు, అందులో ఆమ్లాలు ఉంటాయి. వంటనూనె కూడా వద్దు, జిగురెక్కి దుమ్ము పడుతుంది. వాడిన ప్రతిసారీ ముందు చెమట తుడువు. వేలిముద్రల్లోని ఉప్పు చాలు, వానాకాలంలో వారానికే ఆ ముద్ర ఆకారంలో తుప్పు పడుతుంది. సిమెంటు గచ్చు మీద పెట్టకు, తడి లాగుతుంది. చెక్క పలక మీద పెట్టు. కొత్త చెప్పుల డబ్బాల్లో వచ్చే తెల్ల గింజల పొట్లాలు పారేయకుండా పెట్టెలో వెయ్యి.

అమ్మాయి: ఆకురాళ్ళు ఇలా విడివిడిగా గుడ్డలో చుట్టావెందుకు?

తమ్ముడు: వాటి ఒళ్ళంతా పళ్ళే. ఒకదానితో ఒకటి రాసుకుంటే ఆ పళ్ళే మొద్దుబారతాయి. ఐటీఐలో మాకు మొదట నెలల తరబడి ఇదే పట్టించారు, ఇనుప పలకను చదును చేయమని. అప్పుడు విసుగొచ్చేది. ఆ నెలలు ఈ చేతుల్లో ఇంకా ఉన్నాయి. ముందుకు తోసేటప్పుడే కోస్తుంది, వెనక్కి లాగేటప్పుడు పైకెత్తాలి. మొదలుపెట్టే ముందు సుద్దముక్క రుద్దితే పళ్ళ మధ్య ఇనుపరజను ఇరుక్కోదు. పిడి లేకుండా ఎప్పుడూ పట్టకు, తోక అరచేతిలో దిగుతుంది. సుత్తి పిడి కూడా అంతే. వదులైతే నీళ్ళలో నానబెడతారు, ఆరాక మళ్ళీ వదులవుతుంది. తల ఎగిరి ఎవరికి తగులుతుందో చెప్పలేం. చీలిక దిగ్గొట్టాలి, లేదా తుమ్మకర్రతో కొత్త పిడి వేసుకోవాలి.

అమ్మాయి: ఇప్పుడు నా అసలు మాట వింటావా? మా అపార్ట్‌మెంట్‌లో 30 ఇళ్ళు. ప్రతి ఇంటికీ ఒకటో రెండో బండ్లు. పెట్టుకోవడానికి స్తంభాల మధ్య రెండడుగుల చోటు. ఆ 30 ఇళ్ళూ నువ్వు చెప్పినట్టు ఐదేసి మంచి పానాలు కొంటే 150 పానాలు. ఒక్కోటీ ఏడాదికి రెండుసార్లు బయటికొస్తుంది. మిగతా రోజులన్నీ తుప్పు. ఒక్క మంచి పెట్టె అందరం కలిసి కొనుక్కుంటే? అప్పుడు తలా కొంచెం వేసుకుని అన్నిటికన్నా మేలైనవే తెచ్చుకోవచ్చు. బిగువు కొలిచే టార్క్ రెంచ్ కూడా. పంచుకుంటేనే మాలాంటివాళ్ళకు నాణ్యత అందుతుంది.

తమ్ముడు: అక్కడ నేను ఒప్పుకోను. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందంటారు. పనిముట్టు అరువిస్తే మూడే జరుగుతాయి. రాదు, విరిగి వస్తుంది, లేదా మట్టితో వస్తుంది. టార్క్ రెంచ్ వాడాక తిప్పి తక్కువ అంకెకు తెచ్చి పెట్టాలి, లేకపోతే లోపలి స్ప్రింగు అలసి కొలత తప్పుతుంది. బిగుసుకున్న బోల్టు విప్పడానికి దాన్ని వాడనే కూడదు. 30 ఇళ్ళలో ఎవరు పాటిస్తారు? నా పానా నా చెయ్యి. చెయ్యి అరువిస్తామా?

అమ్మాయి: డిపోలో నీ పానాలన్నీ నీవేనా?

తమ్ముడు: మామూలువి మా పెట్టెలో ఉండేవి. పెద్దవి, ఖరీదైనవి స్టోర్లో.

అమ్మాయి: అవి ఎంతమంది వాడేవారు?

తమ్ముడు: మూడు షిఫ్టులవాళ్ళూ.

అమ్మాయి: ఎన్నేళ్ళు నిలిచాయి?

తమ్ముడు: నేను చేరేనాటికే ఉన్నవి కొన్ని, నేను వచ్చేసేనాటికీ ఉన్నాయి.

అమ్మాయి: చిన్నప్పుడు నాకు నువ్వే చెప్పావు బాబాయ్. ప్రతి మెకానిక్‌కూ తన నంబరు కొట్టిన ఇత్తడి టోకెన్ ఉండేదని, పానా తీసుకుంటే అది వేలాడే మేకుకు టోకెన్ తగిలించేవాళ్ళని, తుడవకుండా తెస్తే స్టోర్‌కీపర్ తీసుకునేవాడు కాదని. ఆ పానాలు ఎవరి సొంతమూ కాదు. అయినా ముప్పై ఏళ్ళు నిలిచాయి. నీ జర్మనీ సెట్ పూర్తిగా నీ సొంతం. నెలకే పోయింది. సొంతం కావడం కాపాడలేదు. తుడిచి ఇస్తేనే తీసుకుంటాననే కట్టుబాటు కాపాడింది.

తమ్ముడు జవాబు చెప్పలేదు. బోర్డు వైపు చూశాడు. ప్రతి పానా చుట్టూ పెన్సిల్‌తో గీసిన ఆకారం, దాని పైన మేకు, ఏది చోటులో లేకపోయినా ఇట్టే తెలిసేలా. అదీ డిపో స్టోర్ నుంచి నేర్చుకున్నదే. కొంతసేపటికి సొరుగు వెతికి ఇత్తడి రేకు ముక్క ఒకటి తీసి అమ్మాయి ముందు పెట్టాడు.

తమ్ముడు: రూపాయి బిళ్ళంత కొయ్యి. రంపం పళ్ళు ముందుకు ఉండేలా చూసుకో.

అమ్మాయి కోసింది. అంచులు గరుకుగా వచ్చాయి. ఆకురాయి చేతికిచ్చాడు, పక్కన సుద్దముక్క పెట్టాడు. రుద్దుకుని మొదలుపెట్టింది. మొదట్లో వెనక్కి లాగేటప్పుడు కూడా ఒత్తింది. ఏమీ అనకుండా మణికట్టు పట్టుకుని ఒకసారి పైకెత్తి చూపించాడు. పావుగంటకు అంచు వేలికి గీసుకోకుండా నున్నగా అయింది. పంచ్‌లు తీసి ఎల్బీనగర్ అన్నదానికి గుర్తుగా ఒక్క అక్షరం కొట్టించాడు, పైన రంధ్రం వేయించాడు.

తమ్ముడు: పెట్టె మీ వాళ్ళు కలిసి కొనుక్కునేదాకా నా పానా వాడండి. అరువిచ్చే సంగతిలో నా భయం నాకు పోలేదు. మీ 30 ఇళ్ళ మీద నమ్మకం నీది, నాది కాదు. నీ పేరు మీదే ఇస్తున్నాను.

అమ్మాయి: తుడిచే తెస్తాను బాబాయ్.

17 రింగు పానాకు పలచగా నూనె రాసి, పాత బనియన్ ముక్కలో చుట్టి ఇచ్చాడు. ఖాళీ మేకుకు ఆ బిళ్ళ తగిలించింది. కొత్త బోల్టు బిగించుకుని, ఆయిల్ పోసుకుని ఇద్దరం ఎల్బీనగర్ వైపు బయల్దేరాం.

నవమి రోజు పూజకు నేనొక్కణ్ణే వెళ్ళాను. పానాలన్నీ వరసగా వేలాడుతున్నాయి, ఒక్కోదానికీ పసుపు, కుంకుమ. 17 చోటు ఖాళీగానే ఉంది. తమ్ముడు ఆ మేకు దగ్గర ఆగి, ఇత్తడి బిళ్ళను గుడ్డతో తుడిచి, దానికీ బొట్టు పెట్టాడు.